రంగు సంగతి తర్వాత, ముందు అతుకులు చూడండి

జమ్మికుంటకు సముద్రం చాలా దూరం. ఇక్కడ రైలు దిగినవాళ్లకు కనబడేవి పత్తి మార్కెట్, రైసు మిల్లులు. పడవ అంటే మనకు మానేరులో చేపలు పట్టేవాళ్ల తెప్ప, లేదంటే కరీంనగర్ డ్యాంలో టూరిజం వాళ్లు తిప్పే బోటు. ఇలాంటి ఊళ్లో కూర్చుని తెరచాప పడవల గురించి రాయడమేమిటని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు రెండు కారణాలు చెప్తాను. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు ఇప్పుడు మిలిటరీ వాళ్లకే పరిమితం కావు. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో ప్రభుత్వ బడుల పిల్లలు కూడా శిక్షణ తీసుకుని జాతీయ పోటీల దాకా వెళ్తున్నారు. ఆ ఆసక్తి పుట్టిన ఇంట్లో కొన్నాళ్లకు ‘పాతదొకటి కొందామా’ అనే మాట వస్తుంది. ఇక రెండోది, ఈ చుట్టుపక్కల నుంచి హ్యూస్టన్‌కో, మెల్‌బోర్న్‌కో, ఆక్లాండ్‌కో వెళ్లి స్థిరపడ్డ మన పిల్లలు. అక్కడ ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన ముప్పై అడుగుల పడవ పాత కారు ధరకే దొరుకుతుంది. వీడియో కాల్‌లో తెల్లగా మెరిసిపోతున్న పడవను చూపించి ‘నాన్నా, ఎట్లుంది?’ అని అడిగితే ఏం చెప్పాలి?

ఈ విషయంలో పడవలను పరీక్షించే సర్వేయర్లది ఒక మాట, పడవలు కట్టేవాళ్లది ఒక మాట, ఏళ్ల తరబడి నడిపినవాళ్లది ఇంకో మాట. ఒకరు తేమ గురించి భయపెడతారు, ఇంకొకరు తేమదేముంది వైర్లు మార్చమంటారు. అందరి మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందొక్కటే. కొనేవాడి కంటికి ముందు ఆనేవి రంగు, గీతలు, లోపలి పరుపులు. పడవను ముంచేవి మాత్రం అతుకులు.

ఎందుకంటే తెరచాప పడవ మీద పడే బలం అంతటా సమంగా పడదు. గాలి తెరచాపను నెడుతుంది. ఆ నెట్టుడు తెరచాప కట్టిన నిలువు కొయ్యకు చేరుతుంది. కొయ్యను పక్కలకు లాగిపట్టే స్టీలు వైర్లు ఆ బలాన్ని డెక్ అంచున ఉన్న చైన్‌ప్లేట్లనే పట్టీల మీద వేస్తాయి. పక్కకు లాగుతున్న కొద్దీ కొయ్య మొదలు కిందికి గుచ్చుకుంటుంది. పడవ ఒరిగిపోకుండా అడుగున వేలాడే బరువైన కీల్ అటు నుంచి గుంజుతుంది. వెనక చుక్కాని ఇరుసు మెలితిరుగుతుంది. మొత్తం మీద నాలుగైదు చోట్ల ఈ లాగులాట అంతా పోగవుతుంది. మిగతాదంతా నీళ్లు లోపలికి రాకుండా అడ్డుపడే గుల్ల. పాత పడవను చూడ్డమంటే ఆ నాలుగైదు చోట్లను చూడ్డమే.

అన్నింటికన్నా ముందు కీల్. 2014 మే నెలలో చీకీ రఫీకి అనే నలభై అడుగుల బ్రిటిష్ పడవ కరీబియన్‌లోని ఆంటిగ్వా నుంచి ఇంగ్లండుకు తిరిగి వెళ్తూ అట్లాంటిక్ మధ్యలో కనబడకుండా పోయింది. తర్వాత బోర్లాపడి తేలుతున్న పడవ దొరికింది. దానికి కీల్ లేదు. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం 2015లో ఇచ్చిన నివేదికలోని ఒక విషయాన్ని కొనేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆ పడవ అంతకు ముందు కొన్నిసార్లు నేలకు తగిలింది. తగిలినప్పుడల్లా లోపల అడుగుకు జిగురుతో అతికించిన ఫైబర్ చట్రం కొంచెం కొంచెంగా ఊడి ఉండవచ్చు. ఊడిన సంగతి పైనుంచి చూస్తే తెలియదు.

ఇక్కడ చాలామంది తెలియక పడే గోతి ఒకటుంది. కొత్త తరం పడవ గట్టిదనీ, పాతది బలహీనమనీ అనుకుంటారు. 1970ల నాటి చాలా పడవల్లో అడుగున అడ్డదూలాలను నేరుగా ఫైబర్‌తోనే పొరలు పొరలుగా పోసి కట్టారు. అవి కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి, పగిలితే బాగుచేయవచ్చు. తర్వాత ఫ్యాక్టరీలు పనీ ఖర్చూ తగ్గించుకోవడానికి లోపలి చట్రాన్ని అచ్చులో విడిగా పోసి తెచ్చి జిగురుతో అడుగుకు అతికించడం మొదలుపెట్టాయి. అతుకు బాగున్నన్నాళ్లూ అది మంచి పద్ధతే. ఊడితే మాత్రం చట్రం కిందికి చెయ్యి పోదు, చూపు పోదు. కాబట్టి తయారైన సంవత్సరం చూసి ధైర్యం తెచ్చుకోకండి. లోపలి కట్టుబడి ఏ రకమో ముందు తెలుసుకోండి.

కీల్‌ను ఎలా చూడాలి? పడవను క్రేను బెల్టులతో నీళ్లలోంచి ఎత్తించాలి. ఈ ఖర్చు దండగనుకునేవాళ్లు పడవ కొనకపోవడమే మంచిది. బెల్టుల మీద వేలాడుతున్నప్పుడు కీల్ బరువంతా కిందికి లాగుతుంది కాబట్టి కీల్‌కూ అడుగుకూ మధ్య ఉన్న సందు తెరుచుకుంటుంది. అదే పడవను స్టాండు మీద కీల్ ఆనేలా దింపితే ఆ సందు మూసుకుపోయి ఏమీ లేనట్టు కనబడుతుంది. అమ్మేవాడు స్టాండు మీద ఉన్న పడవనే చూపిస్తాడు, మీరు వేలాడే పడవను చూడాలి. వేలాడుతుండగా ఒక మనిషి కీల్ కింది కొసను పట్టుకుని అటూ ఇటూ నెడుతుంటే మీరు అతుకు దగ్గర కళ్లు పెట్టండి. కదలిక ఏ కొంచెం కనబడినా ఆ పడవ సంగతి మర్చిపోవచ్చు. అమెరికాలో కెటలీనా పడవల కీల్ ముందు భాగంలో వచ్చే వంకర పగులును అక్కడి నావికులు ‘కెటలీనా నవ్వు’ అంటారు. అది ఒక్కోసారి పైపూత పగులే అయి బోల్టులు బిగిస్తే పోతుంది. ఒక్కోసారి లోపల చెక్క నాని కుళ్లిపోయిందని చెప్పే గుర్తు. బయటి నుంచి చూసి ఏదో తేల్చడం కుదరదు. లోపలికి దిగాలి.

లోపల ఏం చూడాలంటే, పడవ ముందుకు పోతూ రాతికి గుద్దుకున్నప్పుడు కీల్ ముందు భాగం కిందికి ఊడబెరికినట్టు లాగుతుంది, వెనక భాగం అడుగును పైకి పొడుస్తుంది. అందుకే దెబ్బ ఆనవాళ్లు కీల్ వెనక కొస మీద, పడవ లోపలి వైపు ఎక్కువగా దొరుకుతాయి. అక్కడ నేలపలక ఎత్తి టార్చి వేయండి. సన్నని పగుళ్ల గుంపు ఉందా, అడ్డదూలం మొదట్లో పూత లేచిపోయిందా, ఒక్కచోట మాత్రమే కొత్త పెయింటు కనబడుతోందా? మిగతా అడుగంతా మురికి పట్టి ఉండి ఆ మూరెడు జాగా మాత్రం తెల్లగా మెరుస్తుంటే ఎందుకు వేశారో అడగండి. బోల్టుల మీది నట్లు తుప్పు పట్టి పొరలు లేస్తుంటే ఒక బోల్టును బయటికి తీయించి చూడటమొక్కటే నమ్మకమైన పరీక్ష. దానికి ఖర్చవుతుంది, అమ్మేవాడు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే అదే సమాధానం అనుకోండి.

బోల్టులే లేని కీల్ కూడా ఉంటుంది. అడుగుతో పాటే ఫైబర్ గూడు పోసి అందులో సీసమో ఇనుమో నింపుతారు. ఊడిపోతుందనే భయం లేదు గానీ అడుగున చిల్లి పడితే నీళ్లు లోపలికి దూరి ఇనుమును తింటాయి.

కీల్ తర్వాత ఎక్కువగా వాదన నడిచేది ఫైబర్ పొరల్లో తేమ మీద. నా ఉద్దేశంలో ఈ విషయంలో భయం అవసరానికి మించి ఉంది. పైనుండే జెల్‌కోట్ గుండా నీళ్లు మెల్లగా లోపలికి ఇంకి రెసిన్‌లోని పదార్థాలతో కలిసి అడుగున పొక్కులు లేపుతాయి. పొక్కు పొడిస్తే జిడ్డుగా ఉండే నీరు కారుతుంది, పుల్లటి వాసన వస్తుంది. దీన్ని ఆస్మాసిస్ అంటారు. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది, బాగుచేయడానికి నెలలు పడుతుంది. అయితే పొక్కుల వల్ల మునిగిన పడవలు చాలా అరుదు. ధర తగ్గించి అడగడానికి అవి మంచి కారణం, అంతకు మించి పెద్దగా ఏమీ లేదు.

అసలు భయపడాల్సింది డెక్‌లో తేమకు. డెక్ తేలికగా, గట్టిగా ఉండాలని రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కనో, ప్లైవుడ్‌నో, నురగ పలకనో పెడతారు. తర్వాత ఎవరో రెయిలింగు బిగించడానికో తాడు కట్టే గూటానికో దానికి బెజ్జం వేసి, సీలెంటు సరిగ్గా పెట్టక వదిలేస్తారు. ఏళ్ల తరబడి ఆ బెజ్జంలోంచి వాన నీళ్లు దిగి బాల్సా కుళ్లుతుంది. పైన మాత్రం ఏమీ కనబడదు. దీన్ని పట్టుకోవడానికి సర్వేయర్ల దగ్గర తేమ మీటరుంది, చిన్న ప్లాస్టిక్ సుత్తి ఉంది. నన్నడిగితే సుత్తికే ఎక్కువ మార్కులు వేస్తాను. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లు వేలి కణుపుతో తట్టి చూస్తారే, అదే పని. గట్టి చోట ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట బొదబొదమంటుంది. మీటరుతో వచ్చే చిక్కేమిటంటే కింద రాగి కలిసిన పెయింటున్నా, లోపల లోహమున్నా, పడవ నిన్ననే నీళ్లలోంచి పైకొచ్చినా అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెను పక్క జాగాతో పోల్చి చూడ్డానికే వాడాలి. సుత్తి లేకపోతే చెప్పులు విడిచి డెక్ మీద నడవండి. మెత్తగా దిగే చోటు అరికాలికి తెలుస్తుంది.

చిన్న పడవలకు వస్తే లెక్క మారుతుంది. హుస్సేన్‌సాగర్‌లో ఏటా వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో కనబడే లేజర్ పడవకు కీల్ ఉండదు, నడిమి పలక ఉంటుంది. పొడవు 4.23 మీటర్లు, గుల్ల బరువు 59 కిలోలు. పాత లేజర్‌ను మొదట తూకం వేయండి. దాని బరువు ఎంత ఉండాలో అందరికీ తెలుసు కాబట్టి అదనంగా ఉన్న ప్రతి కిలోకూ కారణం ఉండాలి. సాధారణంగా ఆ కారణం లోపల చేరిన నీళ్లు. తర్వాత కొయ్య దిగే గొట్టంలో నీళ్లు పోసి కాసేపు ఆగండి. మట్టం దిగిందంటే గొట్టం అడుగున పగులు ఉన్నట్టే. గాలి పట్టినప్పుడు కొయ్య బలమంతా ఆ గొట్టం మొదట్లోనే పడుతుంది, లేజర్ ప్రాణం అక్కడే ఉంది. పడవను ఎండలో తిరగేసి డెక్‌నూ అడుగునూ కలిపిన అంచు చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ రండి, విచ్చుకున్న చోట వేలికి తెలుస్తుంది. కొయ్య పై ముక్క సరిగ్గా పట్టీ దగ్గర వేసిన రివెట్ బెజ్జం వద్ద విరుగుతుంది. అక్కడ తెల్లటి పొడి రాలుతుంటే లోహం తినేస్తున్నదని అర్థం. చిన్న పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ 35 కిలోల డబ్బా. అందులో గాలి సంచులు ఊది ఒక రాత్రి అలాగే ఉంచి, చుక్కాని తగిలించే కొక్కేలు కదులుతున్నాయేమో చూస్తే పని అయిపోయినట్టే. దానికి సర్వేయరు అక్కరలేదు.

కొయ్యనూ చుక్కానినీ చాలామంది పైపై సామాను అనుకుంటారు. అది తప్పు. ఐఎన్‌ఎస్‌వీ తారిణి కథ చూడండి. గోవాలో అక్వేరియస్ షిప్‌యార్డు కట్టిన ఈ యాభై ఆరు అడుగుల పడవను 2017 ఫిబ్రవరిలో నౌకాదళం చేర్చుకుంది. అదే ఏడాది సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దాని మీద భూగోళం చుట్టడానికి బయల్దేరారు. వాళ్లలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖకు చెందిన పి. స్వాతి మన తెలుగువాళ్లు. అన్ని సముద్రాలూ దాటుకుని వచ్చి, చివరి మెట్టులో హిందూ మహాసముద్రంలో స్టీరింగు దెబ్బతిని మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగాల్సి వచ్చింది. బాగుచేసుకుని 2018 మే 21న గోవా చేరారు. అప్పటికి ఆ పడవ నౌకాదళంలో చేరి పదిహేను నెలలు. అదే తారిణి మళ్లీ 2024 అక్టోబరులో ఇద్దరు మహిళా అధికారులతో బయల్దేరి 2025 మేలో ప్రపంచం చుట్టివచ్చింది. కొత్త పడవకు చుక్కాని దగ్గర కష్టం వచ్చింది, ఏడేళ్లు పాతబడ్డాక అదే పడవ మళ్లీ చుట్టివచ్చింది. పడవకు వయసు కన్నా దాన్ని ఎవరు ఎలా చూసుకున్నారన్నదే ముఖ్యమని నేననడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పాత పడవ చుక్కానిలో చిక్కేమిటంటే, బయట ఫైబర్ పెంకు, మధ్యలో నురగ, ఇరుసుకు వెల్డింగు చేసిన స్టీలు రెక్కలు లోపల. పెంకులోకి నీళ్లు దిగితే రెక్కల వెల్డింగు తుప్పుపట్టి, ఒక రోజు చేతిలో చక్రం తిరుగుతుంది గానీ కింద చుక్కాని తిరగదు. పడవను పైకెత్తించిన రోజు వదిలి మర్నాడు మళ్లీ వెళ్లి చూడండి. చుక్కాని అంచుల నుంచి ఇంకా నీళ్లు కారుతుంటే లోపల చెరువుందన్నమాట.

చైన్‌ప్లేట్ల సంగతీ అంతే. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదంటారు. గాలి తగిలినంతకాలం ఆ మాట చాలావరకు నిజం. డెక్ లోపల తడి చెక్క మధ్య గాలి అందని చోట అది లోపల్లోపలే తినేసుకుంటుంది. డెక్ కింద గోడ మీద గోధుమరంగు చారలు దానికి సాక్ష్యం. వైర్ల విషయంలో మన ఊరి సరుకు పనికొస్తుంది. దూది పింజె ఒకటి వైరు మీద పై నుంచి కింది దాకా రుద్దండి. తెగిన పోగు ఒక్కటి ఉన్నా దూది అక్కడ పట్టుకుంటుంది. వేళ్లతో రుద్దితే వేళ్లే తెగుతాయి. పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన వైర్లను మార్చమని బీమా కంపెనీలు అడగడం మామూలే. కాబట్టి వైర్లు చివరిసారి ఎప్పుడు మార్చారో కాగితం చూపించమనండి. చూపించకపోతే కొత్త వైర్ల ఖర్చు ధరలోంచి తీసేయండి.

చెక్క పడవల గురించి తెలుగునేల మీద ఎవరికన్నా బాగా తెలుసంటే అది కాకినాడ దగ్గరి తాళ్లరేవు, కోరంగి వడ్రంగులకే. ఒకప్పుడు అక్కడ సముద్రం దాటే తెరచాప ఓడలు కట్టారు. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును ముంచేసినా ఆ చుట్టుపక్కల పడవల పని మాత్రం పోలేదు. చెక్క పడవను పరీక్షించడానికి మొన సూదిగా ఉన్న దబ్బనం చాలు. గట్టి చెక్కలో దిగదు, కుళ్లిన చెక్కలో సులువుగా దిగుతుంది. కీల్ పక్క మొదటి పలక అంచు, వాన నీళ్లు నిలిచే మూలలు, మేకుల చుట్టూ నల్లబడ్డ చోట్లు పొడిచి చూడాలి. దూరంగా నిలబడి పడవ గీతను చూస్తే రెండు కొసలు వాలి నడుము ఎగిసినట్టుంటే అడుగుదూలం అలసిపోయిందని అర్థం. ఉప్పునీళ్లలో తిరిగిన చెక్కలో ఓడపురుగు బయట సూదిబెజ్జమంత దారి చేసుకుని లోపల గుల్ల చేస్తుంది. మంచి వడ్రంగి అందుబాటులో లేనివాళ్లు చెక్క పడవ జోలికి పోవద్దు.

మన జిల్లాలో మత్స్యకారులకు ఉపయోగపడే మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. దిగువ మానేరులో, మధ్య మానేరులో తిరిగే ఫైబర్ బోట్లు పాతవి చేతులు మారుతుంటాయి. తీరం నుంచి వచ్చిన బోటైతే ఇంకా జాగ్రత్త. 2004 సునామీ తర్వాత తీరమంతటా ఫైబర్ బోట్లను పెద్ద సంఖ్యలో తొందరతొందరగా కట్టారు, అన్నీ ఒకే నాణ్యతతో రాలేదు. అలాంటి బోటుకు మోటారు బిగించే వెనక పలకే గుండెకాయ. మోటారును పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపండి. పలక మొదట్లో పూత చీలినా, లోపలి చెక్క కిర్రుమన్నా ఆ బోటు రేటు సగానికి అడగాలి. తీరం దగ్గర రాళ్ల మీద లాగి లాగి అడుగున అరిగిపోయి నారపోగులు తేలాయేమో కూడా చూడండి.

ఇక తుపాను పడవల సంగతి. హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లకు గాల్వెస్టన్ బే, కీమా రేవు దగ్గరే. 2017 ఆగస్టులో హార్వీ తుపాను టెక్సస్ తీరాన్ని, 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను ఫ్లోరిడాను కొట్టాక, బీమా కంపెనీలు నష్టమని రాసేసిన పడవలు వేలంలోకి వచ్చాయి. వాటిలో కొన్ని నిజంగా చవకే. ఒకదాని మీద ఒకటి పడి పక్కలు నలిగిన పడవకు బయట జెల్‌కోట్ పూసి పాలిష్ పెడితే కొత్తదాని లెక్కన కనబడుతుంది. అది తెలియాలంటే లోపలి బీరువాల వెనక చూడాలి. గుల్లకూ అడ్డగోడకూ మధ్య వేసిన ఫైబర్ పట్టీ విడిపోయిందా? లోపలి తలుపులు సరిగ్గా మూసుకోవడం లేదా? తలుపు పట్టేస్తుంటే గుల్ల ఆకారం మారిందేమోనని అనుమానించాలి.

సర్వేయరు ఖర్చు అమెరికాలో సుమారుగా అడుగుకు 20 నుంచి 30 డాలర్లు, క్రేను ఖర్చు వేరే. అక్కడ సామ్స్, నామ్స్ అనే రెండు సర్వేయర్ల సంఘాలున్నాయి, వాటి సభ్యుల జాబితాలోంచి మీరే ఒకరిని ఎంచుకోండి. బ్రోకరు చెప్పిన సర్వేయరు మంచివాడే కావచ్చు, అయినా అతనికి వచ్చే నెల పని ఇచ్చేది బ్రోకరే. సర్వే జరుగుతున్నప్పుడు పక్కనే ఉండండి. సర్వేయరు రాసే నివేదికలో జాగ్రత్త మాటలు ఎక్కువ, నోటితో చెప్పే మాటల్లో నిజం ఎక్కువ. ‘మీరైతే కొంటారా?’ అని ఒక్క ప్రశ్న అడిగి, మొహం చూడండి. మన దేశంలో విహార పడవల సర్వేయర్లు తక్కువ. లోతట్టు నీళ్లలో ఇంజను పడవ నడపాలంటే 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. కాబట్టి ఇంజనున్న పాత పడవ కొనేటప్పుడు కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ముందే చూసుకోవాలి.

మొత్తం మీద నా తీర్పు ఇది. పొక్కులు, పాత తెరచాపలు, చిరిగిన పరుపులు, ఇంజను పొగ, వెలిసిన రంగు ఉంటే బేరమాడి కొనవచ్చు. వైర్లు, చుక్కాని, డెక్‌లో ఒకటి రెండు చోట్ల తడి ఉంటే బాగుచేసే ఖర్చును ఒక మంచి మెకానిక్‌తో లెక్క కట్టించి, ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేస్తేనే కొనండి. కీల్ మొదట్లో కదలికున్నా, లోపలి చట్రం ఊడినా, డెక్ సగానికి పైగా మెత్తబడినా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ‘సర్వే సరిగ్గా వస్తేనే కొంటాను, లేకపోతే అడ్వాన్సు వాపసు’ అనే మాట కాగితం మీద రాయించుకోకుండా ఒక్క డాలరు, ఒక్క రూపాయి కూడా చేతిలో పెట్టకండి.